ఎక్కడో ఒక్కరు కాదు

గంపలగూడెంలో ఆడపిల్లల ఆటల మాట ఎత్తితే ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "అలాంటి వాళ్లు నూటికో కోటికో ఒకరు పుడతారండీ. అందరి పిల్లలకూ అవి వస్తాయా?" టీకొట్టు దగ్గరా ఇదే మాట, బడిలో తల్లిదండ్రుల సమావేశంలోనూ ఇదే మాట. గుడివాడ అమ్మాయి కోనేరు హంపి పేరు చెప్పండి, విజయవాడ ఆర్చర్ జ్యోతి సురేఖ పేరు చెప్పండి, భారత మహిళల ఫుట్‌బాల్ జట్టులో ఫార్వర్డ్‌గా ఆడుతున్న గుగులోతు సౌమ్య పేరు చెప్పండి. ముందు మెచ్చుకుంటారు, ఆ వెంటనే "ఎక్కడో ఒకరు" అనేస్తారు. ఆ మెచ్చుకోలుతోనే మిగతా పిల్లలకు తలుపు మూసేస్తారు.

ఈ మాట తప్పు. వినడానికి లోకజ్ఞానంలాగా ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ నిలదీయరు, అందుకే అది ఇంతకాలం నిలబడింది. ప్రతిభ అరుదు, మన పిల్లల్లో అది లేదు అని ఈ మాట చెబుతోంది. ప్రతిభ మన పిల్లల్లో ఉంది. దాన్ని బయటికి తెచ్చే ఏర్పాటు లేదు. ఆ ఏర్పాటు చేయాల్సినది పెద్దవాళ్లం మనమే. మనం చేయని పనిని పిల్లల పుట్టుక మీదికి నెట్టేసి నిశ్చింతగా ఉంటున్నాం.

సౌమ్య సంగతే చూద్దాం. ఆమెది నిజామాబాద్ జిల్లా, లంబాడా కుటుంబం. మొదట పరుగు పందేల పిల్ల. ఆ వేగం చూసి ఒక కోచ్ ఆమెను ఫుట్‌బాల్ వైపు తిప్పాడు. అక్కణ్నుంచి వయసుల వారీ జట్లు, 2021లో దేశం సీనియర్ జట్టు, గోకులం కేరళ క్లబ్బు, 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్. 2025 ఏప్రిల్‌లో ఈస్ట్ బెంగాల్ మొదటిసారి ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచినప్పుడు, కప్పు ఖాయం చేసిన గోల్ ఆమెదే. ఆ ఏడాది దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెనే ఎంచుకుంది.

ఈ కథ చదివినవాళ్లంతా ఆమె కాళ్లను చూస్తారు. నేను ఆ కోచ్‌ను చూడమంటాను. ఆ ఊళ్లో ఆ మనిషి లేకపోతే ఆ కాళ్లు అవే, ఆ వేగం అదే. స్కూలు పరుగు పందెంలో గెలిచిన ఒక సర్టిఫికెట్టు ఇంట్లో పెట్టెలో ఉండేది. అంతటితో అయిపోయేది. మన తిరువూరు నియోజకవర్గంలో, ఎ.కొండూరు వైపు తండాల్లో, అదే గోర్ భాష మాట్లాడే పిల్లలు, అలాగే పరిగెత్తే పిల్లలు లేరా? వాళ్ల సర్టిఫికెట్లు పెట్టెల్లోనే ఎందుకు ఉండిపోయాయి? వాళ్ల రక్తంలో ఏదో తక్కువై అనే ధైర్యం ఎవరికైనా ఉంటే ముందుకొచ్చి అనాలి.

పరుగు ఒక్కటే ఫార్వర్డ్‌ను చేయదు. ఇది తెలియకే చాలామంది పుట్టుక విద్య అనుకుంటారు. బంతి గాల్లోంచి వస్తుంటే దాన్ని మొదటి తాకుడులోనే పాదం కింద అణచాలి. వెనక డిఫెండర్ భుజం ఆనించి నెడుతుంటే ఒంటిని అడ్డుపెట్టి బంతిని కాపాడుకోవాలి. మనవాళ్లు పాస్ ఇచ్చే క్షణానికి ప్రత్యర్థి చివరి వరసను దాటకూడదు, అంటే ఆఫ్‌సైడ్ కాకూడదు. పాస్ కాలి నుంచి విడిపడగానే ఆ వరస వెనక ఖాళీలోకి దూసుకుపోవాలి. అరక్షణం ముందైతే జెండా లేస్తుంది, అరక్షణం వెనకైతే బంతి పోతుంది. కుడికాలితో ఎంత బాగా కొడుతుందో ఎడమకాలితోనూ అంత బాగా కొట్టాలి. వీటిలో ఏ ఒక్కటీ పురిట్లో రాదు. పదేళ్ల వయసు నుంచి, వారానికి అయిదు సాయంత్రాలు, తప్పు చేస్తే ఆపి మళ్లీ చేయించే మనిషి ముందు వేలసార్లు చేస్తే వస్తుంది. సంగీతం, నాట్యం సాధనతో వస్తాయని మనకు బాగా తెలుసు. పిల్లకు సరళీస్వరాలు చెప్పించకుండా కచేరీ చేయలేదని ఎవరూ తీర్మానించరు. బంతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కరోజు కూడా నేర్పకుండానే తీర్పు ఇచ్చేస్తాం.

నిజామాబాద్ గురించి ఇంకొక మాట. బాక్సింగ్‌లో 2022, 2023 రెండేళ్లూ ప్రపంచ ఛాంపియన్ అయిన నిఖత్ జరీన్ ఆ పట్టణం అమ్మాయే. 2014 మే నెలలో పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ ఆ జిల్లాలోని గిరిజన కుటుంబం పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ ఎక్కింది. ఫుట్‌బాల్, బాక్సింగ్, పర్వతారోహణ: ఒకదానితో ఒకదానికి పొత్తు లేని మూడు విద్యలు, ఒకే జిల్లా. కోటికొకరు పుడతారన్న లెక్క నిజమైతే దేవుడు ఆ జిల్లా మీద ఎందుకంత పక్షపాతం చూపించాడో చెప్పాలి. పక్షపాతం లేదు. ఒకరికి కూతురి చేతికి గ్లవ్స్ తొడిగిన తండ్రి దొరికాడు, ఒకరికి శిక్షణకు పంపిన గురుకులం దొరికింది, ఒకరికి కోచ్ దొరికాడు. దొరకడం అనేది అదృష్టం మీద ఆధారపడినంత కాలం "ఎక్కడో ఒకరు" అనే మాట నిజంలాగే కనిపిస్తూ ఉంటుంది.

"మన సంగతి సరే, ఆ తెల్లదేశాల ఆడవాళ్లు వేరు, వాళ్ల ఒళ్లు వేరు, ఆహారం వేరు" అని ఇంకో వాదన. ఈ వాదనకు నార్వేకు మించిన జవాబు నాకు కనబడలేదు, అందుకని అక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడతాను.

నార్వేలో ఆడవాళ్ల ఫుట్‌బాల్‌ను ఆ దేశపు సమాఖ్య 1976 దాకా గుర్తించలేదు. అంతకుముందు మాల్‌ఫ్రిడ్ కువోస్ లాంటి మహిళలు తామే జట్లు కూర్చుకుని, తామే మ్యాచ్‌లు ఏర్పాటు చేసుకున్నారు. అప్పుడు అక్కడి పెద్దమనుషులు అన్న మాటలు మన ఊళ్లో వినే మాటలే: ఇది ఆడవాళ్ల ఒంటికి పడదు, చూడ్డానికి బాగోదు, ఎవరు చూస్తారు. 1976లో గుర్తించారు. 1978లో తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడారు. 1987కల్లా యూరప్ ఛాంపియన్లు. 1986లో మెక్సికోలో జరిగిన ఫిఫా మహాసభలో ఎలెన్ విల్లె అనే నార్వే ప్రతినిధి లేచి నిలబడి, ఆడవాళ్లకూ ప్రపంచకప్ పెట్టండి అని అడిగింది. ఫిఫా మహాసభలో ఒక మహిళ మాట్లాడటం అదే మొదలు. 1988లో చైనాలో ప్రయోగాత్మకంగా ఒక టోర్నీ పెట్టారు, ఫైనల్లో స్వీడన్ మీద నార్వే 1-0తో గెలిచింది. ఆ ఒక్క గోల్ కొట్టిన ఫార్వర్డ్ లిండా మెదాలెన్.

మెదాలెన్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ ఆమె దగ్గరికి వస్తాను. 1991లో మొదటి ప్రపంచకప్ ఫైనల్లో అమెరికా మీద నార్వే 2-1తో ఓడింది. నార్వే గోల్ ఆమెదే. 1995లో స్వీడన్‌లో జరిగిన ప్రపంచకప్ నార్వేది. ఆ టోర్నీలో 23 గోల్స్ కొట్టి ఒక్క గోల్ ఇచ్చారు. సెమీఫైనల్లో అమెరికాను 1-0తో, ఫైనల్లో జర్మనీని 2-0తో ఓడించారు. ఆరు గోల్స్ కొట్టిన ఫార్వర్డ్ ఆన్ క్రిస్టిన్ ఓరోనెస్‌ది గోల్డెన్ బూట్. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ ఫైనల్లో మళ్లీ అమెరికానే ఎదురైంది. ఆట 2-2తో అదనపు సమయానికి వెళితే, 102వ నిమిషంలో డాగ్నీ మెల్‌గ్రెన్ అనే ఫార్వర్డ్ కొట్టిన గోల్‌తో బంగారు పతకం నార్వేకు దక్కింది.

ఇప్పుడు లెక్క చూడండి. 1995లో నార్వే జనాభా సుమారు 43 లక్షలు. 2011 జనగణనలో మన ఉమ్మడి కృష్ణా జిల్లా జనాభా 45 లక్షలు. అంటే ప్రపంచకప్ గెలిచిన ఆ దేశం మన పాత జిల్లా అంతది, ఇంకా కాస్త చిన్నది. పైగా ఏడాదిలో నెలల తరబడి మంచు కప్పి ఉండే దేశం. నూటికో కోటికో ఒకరు పుడతారన్న లెక్క ప్రకారం, కోటిలో సగం కూడా లేని ఆ దేశంలో ఒక్క ఆటగత్తె కూడా పుట్టి ఉండకూడదు. పదకొండు మంది పుట్టారు, వాళ్ల వెనక బెంచీ మీద మరో జట్టుకు సరిపడా ఉన్నారు. 1976కీ 1987కీ మధ్య నార్వే ఆడవాళ్ల ఎముకలు మారలేదు. ఆడనిచ్చారు, మైదానం ఇచ్చారు, ఊరి క్లబ్బుల్లో అమ్మాయిల విభాగాలు పెట్టారు. మారింది పెద్దల బుద్ధి.

నార్వే రక్తంలోనే ఏదో ఉందని ఇంకా ఎవరికైనా అనుమానం ఉంటే, 2022 యూరో టోర్నీ చూడాలి. అదే నార్వే ఇంగ్లండ్ చేతిలో 8-0తో ఓడింది. జట్టులో ప్రపంచంలోకెల్లా పేరున్న ఫార్వర్డ్ ఆదా హెగర్‌బర్గ్ ఉండగానే ఓడింది. ఇంగ్లండ్ సంగతి ఏమిటి? 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో ఆడవాళ్ల మ్యాచ్ చూడటానికి 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడాదే అక్కడి సమాఖ్య తన మైదానాల్లో ఆడవాళ్ల ఆటను నిషేధించింది. ఆ నిషేధం దాదాపు 50 ఏళ్లు నడిచింది. పశ్చిమ జర్మనీ 1955 నుంచి 1970 దాకా నిషేధించింది. బ్రెజిల్ 1941లో చట్టం చేసి మరీ ఆపింది, 1979 దాకా ఎత్తేయలేదు. ఈ మూడు దేశాల్లోనూ ఆ రోజుల్లో పెద్దలు "మన ఆడవాళ్లకు ఇది రాదు" అనేవారు. రానివ్వకుండా ఆపినవాళ్లే ఆ మాట అన్నారు. తర్వాత ఇంగ్లండ్ తన లీగ్ మీద డబ్బు పెట్టింది, 2018 నాటికి అగ్రశ్రేణి లీగ్‌ను పూర్తిగా వృత్తి ఆటగా చేసింది, నాలుగేళ్లకు ఒకప్పటి ప్రపంచ విజేత మీద ఎనిమిది గోల్స్ కొట్టింది. ఎక్కడ పెంచితే అక్కడ పెరిగింది.

ఒడ్డూ పొడుగూ వాదన కూడా తేల్చేద్దాం. ఓరోనెస్ ఆరడుగుల మనిషి, నిజమే. 2011లో జపాన్ జట్టు ప్రపంచకప్ గెలిచింది. అందులో మన ఊరి పిల్లల ఎత్తు ఉన్నవాళ్లు చాలామంది. కెప్టెన్ హొమారె సావా ఎత్తు అయిదున్నర అడుగుల లోపే. అయిదు గోల్స్‌తో ఆ టోర్నీలో గోల్డెన్ బూట్ ఆమెదే. ఇక ఒంటికి కష్టం అంటారా? మన మండలంలో మిరపకోతల కాలంలో ఆడపిల్లలు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నడుము వంచి కాయలు కోస్తారు. పత్తి తీస్తారు. బిందెలు మోస్తారు. అప్పుడు ఆడపిల్ల ఒళ్లు సున్నితమని ఎవరికీ గుర్తు రాదు. సాయంత్రం గంటసేపు తన ఇష్టంతో పరిగెడతానంటే మాత్రం అందరికీ ఒకేసారి గుర్తొస్తుంది. ఈ విషయంలో నాకు కోపం ఉంది, దాచుకోను. కష్టం ఎవరి కోసం చేస్తుందన్నదాన్ని బట్టి ఆమె ఒంటి బలం పెరగడం, తగ్గడం జరుగుతోంది.

బట్టల గొడవ ఒకటి ఉంది, దానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. 2022 జనవరిలో నవీ ముంబైలో మన జట్టు మీద 0-0తో నిలిచిన ఇరాన్ అమ్మాయిలు తల నుంచి కాళ్లదాకా కప్పుకునే ఆడారు. ట్రాక్ ప్యాంటు వేసుకుని ఆడిస్తే ఆట ఏమీ చెడదు.

"మన ఆటలు కబడ్డీ, ఖోఖో, ఫుట్‌బాల్ మనది కాదు" అనేవాళ్లకు మన చరిత్రే తెలియదు. కబడ్డీ, ఖోఖో మీద నాకు గౌరవం ఉంది, అవీ ఆడాలి. కానీ 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచినది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం ఒక స్కూలు టీచరు. ఆయన కోచ్‌గా ఉండగానే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం సాధించింది. సికింద్రాబాద్‌లో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ తరం ఫార్వర్డ్‌లలో అగ్రగణ్యుడు. ఇది తెలుగు నేల మీద ఆటే. 1963లో రహీం పోయాక, ఆ పద్ధతిలో పిల్లలను తయారుచేసే ఏర్పాటును మనం నిలబెట్టుకోలేదు. నార్వే విషయంలో చెప్పింది ఇక్కడా అంతే నిజం. ఆట పోయింది మనుషులు మారి కాదు, నేర్పడం ఆగి.

ఇవన్నీ నగరాల కథలు, దేశాల కథలు అంటారేమో. అయితే హర్యానాలో భివానీ జిల్లా అలఖ్‌పురా గురించి వినాలి. ఆడపిల్లల విషయంలో హర్యానా పల్లెల పేరు మన పల్లెల పేరు కన్నా చెడ్డది. ఆ ఊళ్లో ప్రభుత్వ పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడు మగపిల్లలకు ఆటలు నేర్పుతుంటే, ఆడపిల్లలు తమకూ ఏదన్నా ఆట ఇమ్మని అడిగారు. ఆయన ఒక ఫుట్‌బాల్ ఇచ్చాడు. అక్కణ్నుంచి ఆ ఊరి అమ్మాయిలు పాఠశాలల జాతీయ టోర్నీ సుబ్రతో కప్ గెలిచారు. ఊరి పేరుతోనే ఒక జట్టు దేశంలోని మహిళల లీగ్‌లో ఆడింది. భారత జట్టుకు ఫార్వర్డ్‌గా ఆడిన సంజు యాదవ్ ఆ ఊరి అమ్మాయే. ఒక్కరు కాదు, ఒక ఊరి నిండా ఆటగత్తెలు. దేవుడు అలఖ్‌పురాలో కోటిమందిని పుట్టించలేదు. ఒక టీచరు ఒక బంతి ఇచ్చి, రోజూ సాయంత్రం అక్కడ నిలబడ్డాడు.

మణిపూర్ కథ కూడా ఇదే. 2011లో ఆ రాష్ట్ర జనాభా 28 లక్షల పైచిలుకు. జాతీయ సీనియర్ మహిళల ఛాంపియన్‌షిప్‌ను ఇరవై సార్లకు పైగా గెలిచింది ఆ రాష్ట్రమే. ఎందుకంటే అక్కడ ఆడపిల్ల బంతి తన్నితే ఎవరూ తల తిప్పి చూడరు.

ఇప్పుడు అసలు గట్టి వాదన దగ్గరికి వస్తాను. మన ఊళ్లో తల్లిదండ్రులు నిజాయితీగా అడిగేది ఇదొక్కటే: "ముప్పై ఏళ్లకు ఆట అయిపోతుంది. ఆ తర్వాత దాని బతుకేమిటి?" ఈ ప్రశ్నను నేను కొట్టిపారేయను. ఆడపిల్లను కన్న పేదింట్లో ఈ భయం న్యాయమైనదే. మన దేశంలో మహిళల ఫుట్‌బాల్‌లో డబ్బు తక్కువన్నదీ నిజమే. క్లబ్బులు కనీసం పదిమంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షల కనీస జీతం ఇవ్వాలన్న నిర్ణయం 2023లో గానీ రాలేదు. ఆటను నడిపే పెద్దలు ఎంత ద్రోహం చేయగలరో కూడా మనకు తెలుసు. 2022 ఆగస్టులో అఖిల భారత సమాఖ్య మీద ఫిఫా నిషేధం పెడితే, ఆసియా క్లబ్ టోర్నీ ఆడటానికి తాష్కెంట్ దాకా వెళ్లిన గోకులం కేరళ అమ్మాయిలు ఒక్క మ్యాచ్ ఆడకుండా తిరిగి రావలసి వచ్చింది. వాళ్లు చేసిన తప్పేమీ లేదు.

అయినా "తర్వాత ఏమీ మిగలదు" అన్న నిర్ణయం తప్పు. ఇందాక ఆపిన మెదాలెన్ కథ ఇక్కడ పూర్తి చేస్తాను. ఆమె దేశం తరఫున 152 మ్యాచ్‌లు ఆడింది, 64 గోల్స్ కొట్టింది. ప్రపంచకప్ గెలిచిన ఆ తరానికి ఆట మీద వచ్చే డబ్బుతో ఇల్లు గడిచేది కాదు. ఆమె పోలీసు ఉద్యోగం చేస్తూ ఆడింది. 1999లో దేశం జట్టు నుంచి తప్పుకున్నాక చేతిలో ఉద్యోగం ఉంది. మరో నార్వే క్రీడాకారిణి సోల్వేగ్ గుల్‌బ్రాన్సెన్ ఒలింపిక్ బంగారం తర్వాత బిడ్డను కని, తిరిగి వచ్చి 2007 ప్రపంచకప్ ఆడింది, 2015 ప్రపంచకప్ కూడా ఆడి అప్పుడు దేశం జట్టు నుంచి విరమించుకుంది. పెళ్లీ పిల్లలూ ఆటకు ముగింపు అనే మన తీర్మానం ఆమె విషయంలో చెల్లలేదు.

నార్వే దూరమా? మణిపూర్‌కు చెందిన ఒయినాం బెంబెం దేవి చిన్నప్పుడు మగపిల్లల జట్టులో చోటు కోసం మగపిల్లవాడి పేరు చెప్పుకుని ఆడింది. తర్వాత భారత జట్టు కెప్టెన్ అయింది. మణిపూర్ పోలీసు శాఖలో ఉద్యోగం చేసింది. 2016లో ఆట నుంచి తప్పుకున్నాక 2017లో అర్జున, 2020లో పద్మశ్రీ ఆమె ఇంటికి వచ్చాయి. రైల్వేస్‌కు మహిళల జట్టు ఉంది. సశస్త్ర సీమా బల్‌కు ఉంది. మన రాష్ట్రంలో 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టుల్లో క్రీడాకోటాకు 421 పోస్టులు కేటాయించారు. ఆ కోటాలో దరఖాస్తు పెట్టుకోవడానికి మన మండలం ఆడపిల్లల్లో ఎంతమందిని మనం తయారుచేశాం? డిగ్రీ చదివి, పోటీ పరీక్షల కోచింగ్‌కు విజయవాడలో హాస్టల్ ఫీజు కట్టి ఏళ్లు గడుపుతున్న పిల్లలను అందరం చూస్తున్నాం. ఆ చదువుకు "తర్వాత ఏమిటి" అన్న ప్రశ్న ఎవరూ వేయరు. చదువుతో పాటు ఆట కూడా ఉన్న పిల్లకు ఒక దారికి బదులు రెండు దారులు ఉంటాయి. చదువు మానిపించి ఆడించమని ఎవరూ అనడం లేదు. నేనూ అనను.

ఇంకొకటి కూడా ఉంది, ఉద్యోగం కన్నా ముందుది. ఆడే ప్రతి పిల్లా దేశానికి ఆడాల్సిన పని లేదు. నార్వేలో ఊరి క్లబ్బుకు వెళ్లే అమ్మాయిల్లో నూటికి తొంభై తొమ్మిది మంది ఏ జాతీయ జట్టుకూ ఆడరు. అయినా వాళ్ల ఊళ్లు వాళ్లకు మైదానం ఇచ్చాయి. మన ఊళ్లో మగపిల్లవాడు సాయంత్రం క్రికెట్ బ్యాట్ పట్టుకుని వెళితే "నువ్వు కోహ్లీ అవుతావా?" అని ఏ తల్లీ అడ్డం నిలబడి అడగదు. ఆడుకోనిస్తుంది. అదే ఇంట్లో చెల్లెలు బడినుంచి వచ్చి గిన్నెలు కడిగి, నీళ్లు పట్టి, అన్నం వండటానికి కూర్చుంటుంది. ఆమె ఆడాలంటే మాత్రం ప్రపంచ ఛాంపియన్ అవుతానని ముందే రుజువు చూపించాలి. "ఎక్కడో ఒకరు" అన్న మాట బలమంతా ఈ అన్యాయంలో ఉంది. గెలిచే గ్యారంటీ లేకుండా ఆడే హక్కు మగపిల్లలకు ఉచితంగా ఇచ్చి, ఆడపిల్లలకు గెలుపు చూపిస్తేనే ఇస్తామంటున్నాం. ఆడనివ్వకుండా గెలుపు చూపించమనడం ఏ ధర్మం?

2025 జులైలో చియాంగ్ మాయ్‌లో థాయిలాండ్‌ను వాళ్ల సొంత మైదానంలో 2-1తో ఓడించి మన జట్టు 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. క్వాలిఫయింగ్ పోటీలు ఆడి నెగ్గి ఆ టోర్నీకి వెళ్లడం భారత మహిళలకు అదే మొదటిసారి. ఆ అర్హత పోటీలకు వెళ్లిన జట్టులో సౌమ్య ఉంది. ఆ జట్టులో మణిపూర్ పిల్లలున్నారు, ఒడిశా పిల్లలున్నారు, తమిళనాడు, హర్యానా పిల్లలున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం లాంటి చోట రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మైదానాల్లో పల్లెటూరి ఆడపిల్లలు ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు. కరవు సీమలో సాధ్యమైనది సాగర్ ఎడమకాలువ నీళ్లు, మామిడితోటలు ఉన్న మన ప్రాంతంలో సాధ్యం కాదా?

దీనికి స్టేడియం అక్కర్లేదు, అది వస్తే వద్దనను. చిన్నపిల్లలకు అయిదుగురేసి ఆడే ఆటకు ముప్పై మీటర్ల పొడుగు, ఇరవై మీటర్ల వెడల్పు చదునైన నేల చాలు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు నాలుగో సైజు బంతులు కావాలి. ఆరేడు బంతులుంటే ఇరవైమంది పిల్లలు ఒకేసారి నేర్చుకోవచ్చు. వాటి ఖర్చు మన ఊళ్లో ఒక ఫ్లెక్సీల వరసకు అయ్యేదాని కన్నా ఎక్కువ కాదు. గోల్ స్తంభాలకు వెదురు పాతినా సరిపోతుంది. మైదానానికి దగ్గర్లో ఆడపిల్లలకు తలుపు గడియపడే మరుగుదొడ్డి, నీళ్లు తప్పనిసరి. ఇది లేకపోతే పన్నెండేళ్లు దాటిన పిల్ల రాదు, వచ్చినా నిలవదు. అన్నిటికన్నా ముఖ్యం మనిషి. మండలంలోని వ్యాయామ ఉపాధ్యాయుల్లో ఫుట్‌బాల్ శిక్షణ సర్టిఫికెట్ కోర్సుకు వెళ్లి రావడానికి ఒక్కరు ముందుకొస్తే, ఆ ఫీజు, ప్రయాణం ఖర్చు గ్రామ పెద్దలు భరించవచ్చు. నెమలి తిరునాళ్లకు మనం ఎంత ఖర్చు పెట్టుకుంటామో మనందరికీ తెలుసు.

ఊటుకూరు, పెనుగొలను, వినగడప, తునికిపాడు, ఒక్కో ఊరి బడి నుంచి అయిదారుగురు ఆడపిల్లలు వారానికి రెండు సాయంత్రాలు గంపలగూడెం వచ్చి వెళ్లాలంటే ఆటో కావాలి. చీకటి పడకముందే ఇళ్లకు చేర్చే బాధ్యత ఎవరో తీసుకోవాలి. ఆ సాయంత్రాల్లో గిన్నెలు అన్న కడగాలి. ఇది పెద్ద సంఘసంస్కరణ కిందికి రాదు, కానీ దీనికే ఇళ్లలో ఎక్కువ గొడవ జరుగుతుందని నాకు తెలుసు. ఆ గొడవ పడటానికి సిద్ధంగా ఉన్న తండ్రులు ఈ మండలంలో పదిమంది ఉన్నా జట్టుకు సరిపడా పిల్లలు వస్తారు. బడులు తెరిచే జూన్ నెల నుంచి మొదలుపెట్టి మూడేళ్లపాటు ఆపకుండా నడపండి. ఆ తర్వాత కూడా "మన పిల్లలకు రాదు" అని ఎవరైనా అంటే, ఆ మాట వినడానికి నేను కూర్చుంటాను. అప్పటిదాకా దాన్ని ఒప్పుకోను.